ఒక్క దీర్ఘమే తేడా

నా కుంటి కోడిపిల్లకి,

నీ చీటీ చేరింది. చేతిరాత చూశాక విరిగింది నీ కాలా, చెయ్యా అని అనుమానం వచ్చింది. "అమ్మమ్మా, నువ్వే నీ కళ్ళతో వెళ్ళి నీ కాళ్ళతో చూసి చెప్పు, నువ్వు ఏ కాలేజీ అంటే అదే" అని రాశావు. కళ్ళకీ కాళ్ళకీ ఒక్క దీర్ఘమే తేడా, ఒప్పుకుంటాను. కానీ పటాలు గీసే చదువే చదువుతానని ఇల్లెక్కి కూసిన పిల్ల ఒక దీర్ఘాన్ని ఇక్కణ్ణుంచి తీసి అక్కడ పెడితే, రేపు ఏ నదినో తీసి పక్క ఊళ్ళో పెడుతుంది. జాగ్రత్త.

ఫోన్లో చెప్పేదాన్నే. మీ అమ్మ స్పీకరు పెడుతుంది. నేను ఒక మాట అనేలోపు తను పది అంటుంది. నా కడుపున పుట్టిందే గానీ, అంత నోరు దానికి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఉత్తరానికి ఎవరూ అడ్డు తగలరు. పైగా నువ్వు సైకిలు చేతులు వదిలేసి తొక్కి, పిండికట్టు వేయించుకుని, సెలవులన్నీ మంచం మీద గడుపుతున్నదానివి. చదవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

నీకు సీటిచ్చిన రెండు కాలేజీలూ నేనుండే ఊళ్ళోనే ఉండటం నా అదృష్టమో ఖర్మో తెలీదు. రెండూ ఈ వారమే తలుపులు తెరిచి, చేరబోయే పిల్లల్నీ వాళ్ళ పెద్దల్నీ పిలిచి చూపిస్తున్నాయి. సెలవులు అయ్యేలోపు నువ్వు ఒకదానికి సరే అనాలి, రెండోదాన్ని వదులుకోవాలి. అందుకని ఇవాళ కొత్త కాలేజీకి వెళ్ళొచ్చాను. గోడలు గాజు, తలుపులు గాజు, మెట్లు కూడా గాజే. మెట్టు ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ అయిపోతుందో తెలీని చోట పాదం పెట్టడానికి దేవుడి మీద నమ్మకం కావాలి. నాకు అంత లేదు. ఒకటి తప్పాను, కానీ కడ్డీ పట్టుకుని నిలదొక్కుకున్నాను. మీ అమ్మకి చెప్పకు.

లోపల ఒక చీకటి గది ఉంది. గది ఆ చివర్నుంచి ఈ చివరికి గోడంతా భూమి. బొమ్మ కాదే, తిరుగుతోంది. ఒకపక్క పగలు, ఒకపక్క రాత్రి, మధ్యన సన్నటి గీత జరుగుతూ వస్తోంది. ఆ గీత కింద ఎక్కడో ఎవరో అప్పుడే దీపం వేసుకుంటున్నారని తోచి, లెక్కల టీచరుగా పని చేసిన నేను, ఊరికే నిలబడిపోయాను. మెళ్ళో కార్డు వేసుకున్న ఒక పిల్ల వచ్చి, "మీ ఇల్లు ఎక్కడ ఆంటీ?" అంది.

"ఆంటీని కాదమ్మా, అమ్మమ్మని. మొహం చూస్తే తెలుస్తుంది" అన్నాను.

వీధి పేరు చెప్పాను. వేలితో ఏదో చేసింది. భూమి ఆగింది, మన మీదికి వచ్చింది. సముద్రం పక్కకి తప్పుకుంది, నది దారప్పోగులా కనిపించి తాడంత అయింది, వీధులు విచ్చుకున్నాయి. చివరికి ఒక మేడ, దాని మీద నీళ్ళ ట్యాంకు, తీగ మీద ఆరేసిన నా చారల దుప్పటి. అంత ఆకాశంలో, అంత ఎత్తున, పనీపాటా ఉన్న ఒక యంత్రం నా దుప్పటి కూడా చూసుకుంటూ వెళ్ళిందన్నమాట. దాని మీది మాసిక మాత్రం కనిపించలేదు, అంతవరకు నయం.

"దారి చెప్పడానికి ఫోన్లు ఉన్నాయిగా, పటాలు గీసి ఏం బావుకుంటావే" అని మీ అమ్మ దెప్పుతుంటుంది కదా. ఆ దారి ఫోనుకి చెప్పేది ఇక్కడి పిల్లలేనట. అది మీ అమ్మకి వినిపించేలా చదువు.

ఎల్లుండి పాత కాలేజీ. చూశాక రాస్తాను.

ఇట్లు,
ఆకాశం నుంచి కనిపించేంత గొప్పదైన నీ అమ్మమ్మ


మంచం మీంచి ప్రపంచాన్ని ఏలుతున్న మహారాణీ గారికి,

పాత కాలేజీ చూసొచ్చాను. ఉత్తరం చిన్నదే, ఎందుకంటే చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు.

కొండవాలున కట్టిన రాతి భవనం. పటాల గది అన్నిటికంటే పైన, చెక్క మెట్లెక్కి వెళ్ళాలి. పటాలు మడతపెడితే పాడవుతాయని పొడుగాటి సొరుగుల్లో పడుకోబెట్టారు. గదంతా పాత కాగితం వాసన. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా కూర్చోవడానికి ఆ వాసన బాగానే ఉంది. అక్కడో మాస్టారు. చెవికొక పెన్సిలు చొప్పున రెండు చెవుల వెనకా పెన్సిళ్ళు, మూడోది నోట్లో. అది నములుతూనే పాఠం చెబుతాడు. పిల్లలు ఆయన్ని కొండల మాస్టారు అంటారట. వాళ్ళని ఎండలో కొండలెక్కించి, ప్రతి మలుపూ చేత్తో కొలిపించి, ఆ కొలతలతో పటం గీయిస్తాడట. నీ కాలి సంగతి తలుచుకుని నాకు ఒళ్ళు మండింది.

గది మధ్య బల్ల మీద మిడతలా కాళ్ళు చాపి నిలబడ్డ ఒక పరికరం ఉంది. దానికి రెండు అద్దాలు. దాని కింద పక్కపక్కనే రెండు ఫోటోలు, విమానంలోంచి నేలని తీసినవి. బూడిద రంగులో, కవల పిల్లల్లా, ఒకేలా ఉన్నాయి. ఆ అద్దాల్లోంచి చూస్తే కొండ లేచి నిలబడుతుందట. వరసలో నిలబడ్డవాళ్ళంతా వంతులవారీగా వంగి "అబ్బ", "అమ్మో" అంటున్నారు. ముందు ఒకళ్ళు అన్నాక వెనకవాళ్ళు అనకపోతే బావుండదు కదా. నేనూ వంగి చూశాను. ఫోటోలు. అంతే. గది చివర కుర్చీలో కూర్చుని చూసినా అవే ఫోటోలు. దీనికోసమా నేను అన్ని మెట్లెక్కింది అనుకున్నాను. ఆ మాస్టారికి మాట తీరు కూడా తెలీదు. పెద్దవాళ్ళతో ఏం మాట్లాడాలో, ఏం మాట్లాడకూడదో ఎవరూ నేర్పినట్టు లేదు.

కాబట్టి నా మాట గాజు కాలేజీ. అక్కడ చూపించింది కళ్ళకి కనిపించింది. ఇక్కడ చూపించింది మర్యాదకి కనిపించాలి.

ఇట్లు,
మోకాళ్ళు పట్టేసిన నీ అమ్మమ్మ


నా బంగారానికి,

పొద్దున ఫోన్ చేసి, "ఆ కాగితం పంపకు, ఉత్తరం వస్తోంది" అని పెట్టేస్తే కంగారు పడ్డావట. మీ అమ్మ వెంటనే ఫోన్ చేసి నన్ను కడిగేసింది. ఏం చెయ్యను. "అమ్మమ్మ చెప్పింది, ఇంకేం చూడక్కర్లేదు, గాజు కాలేజీకే సరేనని రాసేస్తున్నా" అన్న నీ మాట చదివాక నాకు అన్నం సయించలేదు. నువ్వు నా కళ్ళని నమ్మి నీ చదువు వాటి మీద పెట్టేశావు. వాటి సంగతి నీకు చెప్పకుండా ఊరుకుంటే అది మోసం.

పోయిన ఉత్తరంలో ఆ గది గురించి సగమే రాశాను. మిగతా సగం ఇది. నేను ఆ అద్దాల్లోంచి తలెత్తగానే మాస్టారు, "కనిపించిందా అమ్మా?" అని అడిగాడు.

"బ్రహ్మాండంగా" అన్నాను.

"కొండ ఏ పక్కనుంది?"

"ఎడంపక్క" అన్నాను, పక్కవాడి పేపర్లో చూసి రాసే పిల్ల ఎంత ధైర్యంగా రాస్తుందో అంత ధైర్యంగా.

ఆయన అందరూ వెళ్ళేదాకా ఆగి, నన్ను కిటికీ దగ్గరికి పిలిచాడు. చెవి వెనకనుంచి పెన్సిలు తీసి నా ఎదురుగా నిలువుగా పట్టుకుని, "మీ వేలు పైనుంచి దించి దీని మొనని ముట్టుకోండి" అన్నాడు. ఇదేం ఆట అనుకుంటూనే దించాను. వేలు గాల్లోకి దిగింది. మళ్ళీ దించాను. పెన్సిలు దాటి అవతలికి పోయింది. అప్పుడు ఆయన నెమ్మదిగా చెప్పాడు: "కొండ ఎడంపక్కనే ఉంది. ఫోటోలో నీడ చూసి అది ఎవరైనా చెప్పొచ్చు. కానీ కొండ లేవడం చూసినవాళ్ళని నేను అడగక్కర్లేదమ్మా. వాళ్ళ చెయ్యి ముట్టుకోవడానికి ముందుకి వెళ్ళిపోతుంది. ఆపుకున్నవాళ్ళని నేను ఇంతవరకు చూడలేదు. మీ చెయ్యి ఉన్నచోటునుంచి కదల్లేదు."

"నలభై ఏళ్ళు సుద్దముక్క పట్టిన చెయ్యి. నేను చెప్పనిదే కదలదు" అన్నాను.

"దీనికి రెండు కళ్ళూ కావాలి. ఎందుకైనా మంచిది, డాక్టరుకి చూపించండి" అన్నాడు.

ఆయన అన్నది అంతే. ఆ మాటకే ఆయనకి మర్యాద తెలీదని నీకు రాశాను. మెట్లు దిగుతూ ఒంటరిగా ఒక పని చేశాను. ముందు ఎడమ కన్ను మూసి చూశాను. మెట్లు ఉన్నాయి, కిటికీ ఉంది, కింద తోటమాలి ఉన్నాడు. తర్వాత కుడి కన్ను మూశాను. పాలలో ముంచినట్టు అంతా తెల్లగా అయిపోయింది. తోటమాలి లేడు. కిటికీ ఒక వెలుతురు మరక. ఆ మెట్టు మీదే కూర్చుండిపోయాను.

తెలీదని చెప్పను. కొన్ని నెలలుగా టీ కప్పులో కాకుండా సాసర్లో పడుతోంది. సూదిలో దారం ఎక్కించడం మానేసి మాసికలు వేయడానికి దర్జీకి ఇస్తున్నాను. గాజు కాలేజీలో మెట్టు తప్పింది గాజు వల్ల కాదు. అన్నిటికీ వయసు మీద నేరం మోపి ఊరుకున్నాను, అది ఎదురుచెప్పదు గదా. డాక్టరు దగ్గరికి వెళ్ళకపోవడానికి కారణం మాత్రం నీకొక్కదానికే చెబుతున్నాను. కన్ను పోతోందని తెలిస్తే మీ అమ్మ తర్వాతి బండికే దిగుతుంది. మంచిదే, ప్రేమతోనే దిగుతుంది. నా ఇంటికి తాళం వేస్తుంది, ఆ తాళంచెవి తన సంచిలో వేసుకుంటుంది. ఆ తర్వాత నేను ఎప్పుడు లేవాలో, ఏ కుర్చీలో కూర్చోవాలో, స్టవ్ ముట్టుకోవచ్చో లేదో వేరేవాళ్ళు చెబుతారు. మీ తాతయ్య పోయాక ఈ ఇంట్లో ఒక్కదాన్నీ ఉండటం నేర్చుకోవడానికి నేను ఎంత కష్టపడ్డానో ఎవరికీ చెప్పలేదు. అది నేర్చుకున్నాక ఇప్పుడు వదలమంటే నా వల్ల కాదే. అందుకే కన్ను సంగతి కంటికి కూడా తెలియనివ్వకుండా దాచాను.

మాస్టారు ఇంకోటి కూడా చెప్పాడు, కోపంలో అప్పుడు సరిగ్గా వినలేదు. ఆ రెండు ఫోటోలూ ఒకటే కాదట. విమానం ఒకచోట ఒకటి తీసి, కాస్త ముందుకి జరిగి ఇంకోటి తీస్తుంది. ఒక్కో కంటికి ఒక్కో ఫోటో. ఆ రెండు చూపుల మధ్య ఉన్న ఎడం వల్లే కొండకి ఎత్తు వస్తుందట. ఒక్క చూపుతో చూస్తే, ఆ కన్ను ఎంత మంచిదైనా, లోకమంతా చదునే.

నువ్వు ఆ చీటీలో తప్పు రాయలేదు. అక్షరాలా అదే జరిగింది. నేను నా కాళ్ళతో చూసి వచ్చి నీకు తీర్పు చెప్పాను.

ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఎడమ కంట్లో శుక్లం బాగా ముదిరిందట. తీసేస్తే చూపు వస్తుందన్నాడు, కానీ ఇంత ఆలస్యం చేశాక ఎంత వస్తుందో ముందే మాటివ్వలేనన్నాడు. వచ్చే వారమే ఆపరేషన్. మీ అమ్మకి నేనే చెబుతాను, కట్టు విప్పాక. అంతదాకా నీ నోరు నొక్కుకో. గడువు సెలవులు అయ్యేదాకా ఉంది కాబట్టి, ఆ కాగితం అట్లాగే ఉంచు.

నీకు ఒక కాలు లేదు, నాకు ఒక కన్ను లేదు. ఇద్దరం కలిసి ఒక దీర్ఘానికి అటూ ఇటూ కూర్చున్నాం.

ఇట్లు,
అబద్ధాలకోరు అమ్మమ్మ


రెండు కాళ్ళ మనవరాలికి,

ఇప్పుడే నిన్ను బస్సెక్కించి ఇంటికొచ్చాను. మనవరాలు ఇల్లు చేరకముందే అమ్మమ్మ ఉత్తరం మొదలుపెట్టిందంటే నీకు నవ్వు రావచ్చు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి, "అక్కడ నా వెనక నిలబడి ఎందుకు నవ్వావు?" అని అడిగావు. డ్రైవరు హారన్ కొట్టాడు. అందుకని ఇది.

ముందు నా సంగతి. నీకు చెప్పలేదు గానీ, పిండికట్టు విప్పించుకుని నువ్వు రావడానికి వారం ముందు ఒక్కదాన్నీ ఆ పటాల గదికి వెళ్ళాను. డాక్టరు కట్టు విప్పిన రోజున అన్నీ మరీ తెల్లగా కనిపించి భయపెట్టాయి. నా వంటింటి గోడ నేననుకున్న రంగు కాదట, అది వేరే కథ. కాస్త కుదుటపడ్డాక మెట్లెక్కాను. మాస్టారు నన్ను చూడగానే సొరుగు లాగి అవే రెండు ఫోటోలు తీసి, మిడత కాళ్ళ కింద సర్ది, పక్కకి తప్పుకున్నాడు.

వంగాను. మొదట రెండు బూడిద కాగితాలు. అవి ఒకదాని మీదికి ఒకటి జరిగాయి. ఒక్క క్షణం అంతా మసక. తర్వాత, ఎలా చెప్పను, నేల ఊపిరి పీల్చుకుంది. కాగితంలోంచి కొండ లేచింది. లేచి నా మొహం దాకా వచ్చింది. దాని శిఖరం నా ముక్కుకి తగులుతుందేమోనని తల వెనక్కి తీసుకున్నాను. అంతవరకు గీతలా పడుకున్న వాగు లోయలోకి దిగిపోయింది, ఎంత లోతుకంటే అడుగున చల్లగా ఉంటుందని తెలిసిపోయేంత లోతుకి. వాలు మీద ఒక ఇల్లు. ఆ ఇంటి నుంచి కిందికి ఒక కాలిబాట, మలుపు తిరిగిన చోట ఒక చెట్టు. చెట్టు కొమ్మల మీదుగా, దాని తలని, పక్షి చూసినట్టు చూస్తున్నాను. ఆ ఫోటో నువ్వు పుట్టకముందుది. ఆ రోజు అక్కడ ఎవరో ఆ బాటన నడిచి ఉంటారు. వాళ్ళు ఎక్కిన ఎత్తు ఇన్నేళ్ళూ ఒక సొరుగులో, రెండు పలచటి కాగితాల మధ్య పడుకుని ఉంది. రెండు కళ్ళు వచ్చి వంగితే చాలు, లేస్తుంది.

వేళ్ళకి చల్లగా ఏదో తగిలితే చూసుకున్నాను. బల్ల. నా చెయ్యి నన్నడక్కుండా వెళ్ళిపోయింది. తలెత్తితే మాస్టారు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, ఏమీ చూడనట్టు. మర్యాద తెలీదన్నాను కదా ఆయనకి, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ రోజు సాయంత్రమే మీ అమ్మకి ఫోన్ చేసి కన్ను సంగతి చెప్పాను. అది అరవలేదు. "తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో అమ్మా, నాకు ఇంకోటి చేయించి ఇవ్వు" అంది. దాన్ని కూడా నేను ఒక కంటితోనే చూశాననిపించింది.

ఇక నీ సంగతి. నేను నీకు ఏ కాలేజీ అని చెప్పనని పంతం పట్టాను కదా, అందుకే ముందు గాజు కాలేజీకి తీసుకెళ్ళాను. భూమి నీ కోసం కూడా తిరిగింది. నువ్వు చేతులు కట్టుకుని చూశావు. "చాలా బావుంది అమ్మమ్మా" అన్నావు. నిజంగానే బావుంది, అక్కడ చేరినా నష్టం లేదు, నా దుప్పటి సాక్షి. తర్వాత చెక్క మెట్లు. కర్ర పక్కన పడేసి, కూర్చుని, చంటిపిల్లలా వెనక్కి వెనక్కి ఒక్కో మెట్టూ ఎక్కావు. "ఈ కాలేజీలో చేరితే నా లంగాలన్నీ మెట్లకే అరిగిపోతాయి" అని గొణిగావు.

నువ్వు అద్దాల మీదికి వంగాక, నువ్వు చూస్తున్నది కొండని, నేను చూస్తున్నది నిన్ను. మాస్టారు చూస్తున్నదీ నిన్నే, నోట్లో పెన్సిలు నమలడం మానేసి. నువ్వు "అబ్బ" అనలేదు. "అమ్మో" అనలేదు. ఎప్పుడూ గలగలా వాగే పిల్లవి ఊపిరి కూడా తీసుకున్నట్టు లేదు. నీ కుడి చెయ్యి బల్ల అంచు వదిలింది. వేళ్ళు విచ్చుకుని, నిద్రపోయే బిడ్డ తల నిమరబోయేటంత నెమ్మదిగా, ఏమీ లేని గాలి మీదికి వెళ్ళింది. వెళ్ళి అక్కడే, ఆ కొండ పక్కన, ఆగిపోయింది.

అప్పుడు నవ్వాను.

నువ్వు తలెత్తి, "ఏ కాలేజీ అమ్మమ్మా?" అన్నావు. నేను "నీ చెయ్యి చూసుకో" అన్నాను. చూసుకున్నావు. ఇంకా గాల్లోనే ఉంది. దాన్ని నువ్వు దించుకున్న తీరు చూస్తే, ఎవరిదో వస్తువు పొరపాటున తీసినట్టుంది.

చివరగా ఒక మాట. బస్సు కోసం కూర్చున్నప్పుడు పాత కాలేజీకి సరేనంటూ రాసిన కాగితం నా చేతికిచ్చి, తప్పులుంటే చూడమన్నావు. చూశాను, రెండు కళ్ళతోనూ. మూడో వాక్యంలో "నాకు పటాలు గీయడం నేర్చుకోవాలని ఉంది" అని రాయబోయి, దీర్ఘాన్ని ఒక అక్షరం ముందుకి లాగేసి, "పాటలు గీయడం" అని రాశావు. నలభై ఏళ్ళు ఎర్ర సిరాతో బతికినదాన్ని, నా చెయ్యి సంచిలో పెన్ను దాకా వెళ్ళింది.

ఈసారి మాత్రం నేను చెప్పినట్టు విని ఆగింది. ఆ కాగితాన్ని అలాగే మడిచి, కవర్లో పెట్టి, అంటించి ఇచ్చాను.

ఇట్లు,
రెండు కళ్ళ అమ్మమ్మ